బతకనేర్వని బిస్కెట్లు

బ్రిటన్‌లో ఓ ఇండీ రాక్ బ్యాండ్ కొత్త ఆల్బమ్ తెస్తోందంటే అభిమాని ముందుగా తేల్చుకోవలసింది రంగు. పాటల సంగతి తర్వాత. నల్ల రికార్డు మామూలు జనానికి. బ్యాండ్ సొంత వెబ్‌సైట్‌లో కొంటే ఆకుపచ్చ, ఊళ్లోని రికార్డుల షాపులో కొంటే గులాబీ, పెద్ద చైన్ షాపులో కొంటే పాలరాతి చారలది. ఒకదానికి అట్ట మీద బొమ్మ వేరు, ఇంకోదాంట్లో సంతకం చేసిన కార్డు. ఆపైన క్యాసెట్టు కూడా. ఇంట్లో క్యాసెట్ ప్లేయర్ ఉందా అని కొనేవాణ్ణి అడగడం మర్యాద కాదు. అన్నిట్లోనూ అవే పది పాటలు, అదే వరస. అన్నీ కొన్నవాడు వీరాభిమాని. మా వైపు అలాంటివాణ్ణి ఇంకో మాటతో పిలుస్తారు గానీ, పత్రికలో రాసేది కాదు.

ఈ హడావుడంతా ఏడు రోజుల ముచ్చట కోసం. 2015 నుంచి ఆల్బమ్‌ల విడుదల శుక్రవారమే. అక్కడి అధికారిక చార్టు లెక్క కూడా శుక్రవారం మొదలై గురువారంతో ముగుస్తుంది. చందా కట్టినవాళ్లు ఆన్‌లైన్‌లో వెయ్యిసార్లు పాటలు వింటే ఒక ఆల్బమ్ అమ్ముడైనట్టు. ప్రకటనలు భరిస్తూ ఉచితంగా వినేవాళ్లయితే ఆరువేల సార్లు వినాలి. అదే ఒక పిల్లాడి చేత నాలుగు రంగులు కొనిపిస్తే అక్కడికక్కడే నాలుగు. వెయ్యిసార్లు వినాలనిపించే పాట కట్టడం తేలికా, కరిగిన ప్లాస్టిక్‌లో రంగు కలపడం తేలికా? మొదటి వారం టాప్ టెన్‌లో వెలిగిన రికార్డు రెండో వారానికి ఏ పాతాళంలో ఉందో గాలించుకోవాలి. వంద రోజుల పోస్టర్లు చింపేసి మూడు రోజుల వసూళ్ల పోస్టర్లు అంటించుకుంటున్న మనకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

ప్రెస్ నోట్ల సంగతి చూడండి. ప్రతి బ్యాండూ విలక్షణమే, ప్రతి గాయకుడూ లోకం పోకడకు ఎదురీదేవాడే. కొత్త ఆల్బమ్ ఎప్పుడొచ్చినా ‘ఇంతవరకు మేం చేసినవాటిలో అత్యంత నిజాయితీ గలది’ అంటారు. అంటే పోయినసారి మన జేబులోంచి తీసుకున్న ఇరవై పాతిక పౌండ్లు ఏ ఖాతాలో వేసుకున్నట్టో! ఎదురీదేవాళ్లందరూ ఒకే శుక్రవారం, ఒకే రేవులో, ఒకే రంగుల డబ్బాతో దిగుతున్నారు మరి.

విడుదల వారంలో టూరు కూడా రికార్డుల షాపుల వెంటే. టికెట్ కొంటే ఆల్బమ్ ఇస్తారు. అంటే ఆల్బమ్ కొననివాడికి పాట వినే యోగం లేదు. లండన్ శివార్లలో కింగ్‌స్టన్‌లోని బాంక్వెట్ రికార్డ్స్ ఈ విద్యలో ఆరితేరిన షాపు. దగ్గర్లోని హాలు మాట్లాడి, ఒక్కోసారి ఒకే రోజు రెండేసి ఆటలు ఆడిస్తుంది. ఆ షాపును మాత్రం ఒక్క మాట అనను. ఈ కాలంలో రికార్డులమ్మి తలుపులు తెరిచి ఉంచడమే ఘనకార్యం.

ఇంత చక్కటి పద్ధతి కళ్లముందుండగా, లివర్‌పూల్‌కు మెర్సీ నది అవతలున్న బర్కెన్‌హెడ్‌లో ఒక బృందం నలభై ఏళ్లుగా బతకనేర్వకుండా తిరుగుతోంది. పేరు హాఫ్ మ్యాన్ హాఫ్ బిస్కెట్. 1985లో వచ్చిన వాళ్ల తొలి ఆల్బమ్ ‘బ్యాక్ ఇన్ ది డీహెచ్ఎస్ఎస్’. బీటిల్స్ పాట పేరును మెలిపెట్టి, నిరుద్యోగ భృతి వ్యవహారాలు చూసే ప్రభుత్వ శాఖను అందులో ఇరికించారు. థాచర్ ప్రధానిగా ఉన్న కాలం, ఆ శాఖ గుమ్మం ఎక్కని కుర్రాడు ఆ ఊళ్లో అరుదు. బీబీసీ రేడియోలో జాన్ పీల్ వాళ్లను భుజాన మోసాడు. రికార్డు ఇండీ చార్టులో అగ్రస్థానానికి ఎక్కి కూచుంది.

అప్పుడు ఛానల్ 4 వాళ్లు ‘ది ట్యూబ్’ కార్యక్రమానికి రమ్మన్నారు. శుక్రవారం సాయంత్రం దేశంలో కుర్రకారంతా చూసే కార్యక్రమం. వీళ్లు రామన్నారు. ఆ రాత్రి వాళ్ల ఊరి జట్టు ట్రాన్‌మియర్ రోవర్స్ సొంత మైదానంలో ఫుట్‌బాల్ ఆడుతోందట. ఆ జట్టేమన్నా లివర్‌పూలా, ఎవర్టనా? నాలుగో డివిజన్! ఆ పెద్ద జట్ల ఆటలతో పోటీ పడలేక శుక్రవారం రాత్రి ఆడుకునే జట్టు. హెలికాప్టర్‌లో తెచ్చి మైదానం దగ్గర దించుతామన్నా వినలేదని చెబుతారు. ఇవాళ్టి మేనేజరైతే హెలికాప్టర్ ఎక్కించి, దారిలో వీడియో తీసి, ట్రాన్‌మియర్ జెర్సీ రంగులో ఇంకో రికార్డు వేసి ఉండేవాడు. వీళ్లకు తట్టలేదు. అది చాలక, పేరు మారుమోగుతున్న 1986లోనే విడిపోయారు కూడా. మిగతావాళ్లు సంగీతంలో అభిప్రాయ భేదాలొచ్చి విడిపోతారు. వీళ్లు సారూప్యాల వల్ల విడిపోయామని చెప్పుకున్నారు. 1990లో మళ్లీ కలిశారు.

టూరు విషయంలోనూ అంతే. వరసగా నలభై ఊళ్లు తిరగరు. ఇక్కడొకటి, అక్కడొకటి ఆడి ఇంటికి పోతారు. నిజానికి లెక్కలు తెలిసినవాళ్లకు అదే నయమేమో. టీ షర్టు అమ్మితే కొన్ని హాళ్లు పాతిక శాతం దాకా కోసుకుంటాయి, పైన వ్యాట్. పాట పాడింది బ్యాండు, చొక్కా కుట్టించింది బ్యాండు, బల్ల వేసినందుకు వాటా హాలుది. ఈ కోత లేని హాళ్ల జాబితాను గాయకుల సంఘమే తయారుచేసుకోవలసి వచ్చింది. బ్రెగ్జిట్ తర్వాత యూరప్ వెళ్లాలంటే లారీలో పంపే సామానుకు కస్టమ్స్ పత్రాలు, 180 రోజుల్లో 90కి మించి ఉండకూడదన్న లెక్క, పెద్ద లారీ అయితే రెండు మూడు ఊళ్లు దాటగానే వెనక్కి రావాలి. ఒక్క 2023లోనే 125 చిన్న సంగీత వేదికల్లో కచేరీలు ఆగిపోయాయని మ్యూజిక్ వెన్యూ ట్రస్ట్ చెప్పింది. కొత్త బ్యాండ్ కుర్రాళ్లు రంగుల రికార్డులు వేసుకుంటున్నారంటే అత్యాశ ఒక్కటే కారణం కాదు, డీజిల్ ఖర్చు కూడా. వాళ్ల మీద నాకు కోపం లేదు. నాలుగో రంగును కళాత్మక నిర్ణయమని చెప్పి నమ్మించబోయినప్పుడే ఒళ్లు మండుతుంది.

మన బిస్కెట్లకు సరుకు అమ్మడం రాదనుకుంటే పొరపాటు. వాళ్లు అమ్మించింది పరాయి సరుకు. ప్రాగ్ నగరపు డూక్లా ఫుట్‌బాల్ జట్టు బయటి మ్యాచ్‌లకు వేసుకునే జెర్సీ క్రిస్మస్‌కు కావాలని 1986లో ఒక పాట కట్టారు. ఆ జట్టు ఆట జన్మలో చూడని ఇంగ్లిష్ వాళ్లు ఇవాళ్టికీ ఆ జెర్సీ వెతికి కొని, కచేరీలకు వేసుకొస్తారు. జాయ్ డివిజన్ బ్యాండ్ బొమ్మ దేనిమీద పడితే దానిమీద అచ్చేస్తున్నారు కదా అని, వంటింట్లో వేడి గిన్నెలు పట్టుకునే చేతితొడుగుల మీద 2005లో ఇంకో పాట. ఎగతాళికి పాడిన ఆ తొడుగులు తర్వాత నిజంగానే తయారై అమ్మకానికొచ్చాయి. ఈ వ్యాపారాన్ని వెక్కిరించబోతే అది చప్పట్లు కొట్టి రేటు కట్టి అమ్ముకుంటుంది.

2022లో వచ్చిన ఆల్బమ్ పేరు ‘ది వోల్టరాల్ ఇయర్స్’. వోల్టరాల్ అంటే కీళ్లనొప్పుల మందు, మన మెడికల్ షాపుల్లో వోవెరాన్ అని అడిగితే ఇస్తారు. రాక్ గాయకుడు తన వయసు గురించి ఇంత నిజం ఆల్బమ్ అట్ట మీద అచ్చేయించొచ్చా? తొలి ఆల్బమ్‌కు నలభై ఏళ్లు నిండిన 2025 బంగారంలాంటి అవకాశం. పాత పాటలన్నీ మొదట్నుంచి చివరిదాకా అదే వరసలో పాడే ఉత్సవ టూరు, బంగారు రంగు రికార్డు, తాడు కట్టిన పెట్టె, పెట్టెలో అప్పటి భృతి దరఖాస్తు నకలు... చేసేదుంటే ఎంత చెయ్యొచ్చు! ఈ పెద్దమనుషులు ఆ ఏడాది కూచుని కొత్త పాటలు రాసి ‘ఆల్ అసిమోవ్ అండ్ నో ఫ్రెష్ ఎయిర్’ అని ఇంకో ఆల్బమ్ వేశారు. వీళ్లకు చెప్పేవాళ్లే లేరా?