తోడు వద్దు, సోడా చాలు

తాగుడు మానమని ఇంట్లో పోరు పెడుతున్నారా? పైగా మీకు దేవుడి మీద నమ్మకం లేదా? అయితే నంద్యాల జిల్లాలో మీ అంత అదృష్టవంతుడు లేడు. నమ్మకం ఉన్నవాడికి పాపం తప్పించుకునే సందు లేదు. పెళ్లాం మహానందికి లాక్కుపోయి కోనేట్లో ముంచి ఒట్టు పెట్టిస్తుంది. అయ్యప్ప మాల వేస్తే నలభై ఒక్క రోజులు గొంతు ఎండబెట్టుకోవాలి. అనంతపురం వైపు చుట్టాలుంటే ఏకాదశి నాడు తీసుకుపోయి పాండురంగడి తులసిమాల మెడలో వేయిస్తారు. చర్చికి పోయేవాళ్లయితే పాస్టరు గారు ఇంటికే వచ్చి ప్రార్థన పెడతారు. దర్గా అయితే తాయెత్తు. మీకు ఇవేవీ అంటవు. "నాకు నమ్మకం లేదబ్బా" అని ఒక్క మాట అంటే చాలు, అన్ని తలుపులూ వాటంతటవే మూసుకుంటాయి. ఇంకో తలుపు ఉందన్న సంగతి ఎవరికీ గుర్తు రానివ్వకూడదు. కష్టమంతా అక్కడే ఉంది. అందుకే ఈ చిట్కాలు.

1. ముందు నాస్తికత్వం సంపాదించుకోండి. దానికి చదువు అక్కర్లేదు. పొద్దంతా నిద్రపోయి, సాయంత్రం ఆరు దాటాక లేచే రకం చాలు. మేనల్లుడి పుట్టెంట్రుకలకు అహోబిలం పోవచ్చు, జాతరలో పొట్టేలు కూర తినొచ్చు, అప్పుడు దాన్ని లేపకండి. "ఒట్టు పెట్టు" అన్నప్పుడు మాత్రం ఒళ్లు విరుచుకుని లేవాలి.

ఇంట్లో గోరా పుస్తకం ఒకటి నలుగురికీ కనబడేటట్టు పెట్టండి. తెరవొద్దు. ఆయన 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, 1947లో విజయవాడ పటమటకు మార్చి, అంతకుముందే గాంధీ దగ్గరికి పోయి కూర్చుని నాస్తికం మాట్లాడొచ్చిన మనిషి. పైవాడెవడూ లేడు కాబట్టి చేసిందానికి మనిషే జవాబు చెప్పుకోవాలనే రకం. అది మనకు సరిపడే నాస్తికం కాదు. పుస్తకం అట్ట మాత్రం గట్టిది, గ్లాసు కింద పెట్టుకోవచ్చు.

2. నేరం ప్రభుత్వం మీదికి నెట్టండి. 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం పెట్టింది. 1997లో చంద్రబాబు ప్రభుత్వం సడలించింది. అంత మంది పోలీసులు, జీపులు, లాఠీలు పెట్టుకుని సర్కారుకే రెండేళ్ల పైచిలుకు కంటే పట్టలేదు. మీరు రెండు పూటలు ఆగలేకపోతే తలవంపులేముంది? ఆ తర్వాత ఎవరొచ్చినా మీకు లాభమే. 2019 అక్టోబరు నుంచి ప్రభుత్వమే కొట్టు పెట్టి అమ్మినప్పుడు "ఈ పిచ్చి బ్రాండ్లు పోయి మంచి సరుకు రానీ, తృప్తిగా తాగి మానేస్తా" అన్నారు. 2024 అక్టోబరులో ప్రైవేటు షాపులొచ్చి, క్వార్టరు 99 రూపాయలకే దొరుకుతుంటే వద్దనడం మర్యాదా?

3. ఏఏ అనే మాట ఎవరైనా ఎత్తితే మూడో మెట్టు దగ్గర పట్టుకోండి.

దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి, చాలా మంది ఇక్కడే జారిపోతున్నారు. 1935లో అమెరికాలోని ఆక్రన్ అనే ఊళ్లో ఒక షేర్ల వ్యాపారీ ఒక సర్జనూ, ఇద్దరూ తాగుబోతులే, ఒకరికొకరు కాపలా ఉండి మానుకున్నారు. అదే ఆల్కహాలిక్స్ అనానిమస్. దానికి పన్నెండు మెట్లున్నాయి. మూడు, ఐదు, ఆరు, పదకొండు మెట్లలో దేవుడి పేరు వస్తుంది. మీకు కావలసింది అదే. మూడో మెట్టు మీద కాలు పెట్టీ పెట్టకముందే "ఇది భజన సమాజం" అని లేచి వచ్చేయండి.

తొందరెందుకంటారా? ఎనిమిదో మెట్టు ఉంది. అందులో దేవుడు లేడు. మీ వల్ల ఎవరెవరు దెబ్బతిన్నారో పేర్లు రాయమంటుంది. తొమ్మిదో మెట్టు ఆ పేర్లవాళ్ల ఇళ్లకు పోయి సరిదిద్దుకోమంటుంది. కుదువ పెట్టిన గాజులు, కట్టని కాలేజీ ఫీజు, పెద్దన్న పెళ్లిలో పందిట్లో చేసిన రభస, అన్నీ బయటికొస్తాయి. మీ అసలు తగాదా ఎనిమిదో మెట్టుతో అని ఎవరూ పసిగట్టకముందే మూడో మెట్టు మీద గొడవ పెట్టుకోవాలి.

ఎదుటివాడు తెలిసినవాడైతే ఎదురు చెబుతాడు. మొదటి రోజుల్లోనే జిమ్ బర్వెల్ అనే నాస్తికుడు అందులో చేరి పేచీ పెట్టాడని, "మాకు అర్థమైన దేవుడు" అని మాట సవరించుకోవడంలో ఆయన చెయ్యి ఉందని, 1975లోనే షికాగోలో దేవుడి ఊసు లేని ఏఏ బృందం మొదలైందని, చేరడానికి తాగుడు మానాలన్న కోరిక తప్ప ఇంకే షరతూ లేదని ఏకరువు పెడతాడు. మీరు ఫోను చెవి దగ్గర పెట్టుకుని "హలో, హలో" అంటూ బయటికి నడవండి.

సమావేశానికి మాత్రం పొరపాటున కూడా పోకండి. పేరు చెప్పను గానీ, ఒక ఊళ్లో నేను ఒకసారి పోయాను, తప్పులు వెతుకుదామని. ప్లాస్టిక్ కుర్చీలు, చిన్న గ్లాసుల్లో టీ. నా పక్కన లారీ తోలే మనిషి. గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు, ఒక చేత్తో పట్టుకుంటే తొణుకుతోంది. అతని వంతు వచ్చింది. ఆత్మ గురించో పరమాత్మ గురించో అంటాడు, పట్టుకుందామని కాచుకుని కూర్చున్నా. "నిన్న రాత్రి తాగలేదన్నా. అంతే," అని కూర్చున్నాడు. దాన్ని ఎట్లా ఖండించేది? టీ కూడా బాగుంది. ఇంత ఇబ్బంది మీకెందుకని చెబుతున్నా.

4. ఇంగ్లీషు రాదనండి. 1994లో అమెరికాలో స్మార్ట్ రికవరీ అని మొదలైంది. అందులో దేవుడు లేడు, మెట్లు లేవు. తాగాలన్న యావ ఎప్పుడు లేస్తుందో, దాన్ని ఎట్లా దాటేయాలో, ఏ ఆలోచన వెంట ఏ ఆలోచన వస్తుందో కాగితం మీద రాసుకుని చూసుకోమంటారు. కూటములు ఫోన్లో కూడా జరుగుతాయి. దీనికి "మనకు ఇంగ్లీషు రాదు కదన్నా" అన్నదే సరైన జవాబు. బ్రాండీ షాపులో పై అరలోని సీసాల పేర్లు ఎడమ నుంచి కుడికి గడగడా చదివేటప్పుడు పక్కన తెలిసినవాళ్లు లేకుండా చూసుకోండి.

5. డాక్టరంటే పిచ్చాసుపత్రి అని ప్రచారం చేయండి. మీకు అన్నిటికంటే ప్రమాదకరమైన చోటు ఇదే. అక్కడ దేవుడు లేడు. గోడ మీద ఫొటో ఉంటే ఉంటుంది గానీ చీటీ మీద ఉండడు. ఏళ్ల తరబడి రోజూ గట్టిగా తాగినవాడు ఉన్నట్టుండి ఆపేస్తే రెండు మూడు రోజుల్లో వణుకు, చెమటలు, లేనివి కనిపించడం, మూర్ఛ వస్తాయని, ప్రాణం మీదికి కూడా రావచ్చని, అందుకే ఒంటరిగా మానొద్దని డాక్టర్లు చెబుతారు. దగ్గరుండి మాత్రలిచ్చి, థయామిన్ పట్టించి దింపుతారు. తర్వాత యావ తగ్గడానికి నాల్ట్రెక్సోన్ లాంటివి రాస్తారు. ఏ మాత్రా మీ మతం అడగదు. ఇక ఏ మొహం పెట్టుకుని వాదిస్తారు?

కాబట్టి దూరం సాకు చెప్పండి. కర్నూలు పెద్దాసుపత్రికి డెబ్బై కిలోమీటర్లు దాటి పోవాలి, ఎవరు తిరుగుతారనండి. 2023లో నంద్యాలలోనే ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చిందని గుర్తు చేస్తే "ఊళ్లోనే అయితే తెలిసినవాళ్లు చూస్తారు" అనండి. దూరమైతే దూరం, దగ్గరైతే పరువు. తెలిసినవాళ్లంతా మిమ్మల్ని శ్రీనివాస సెంటర్లో ఆటోలో పడుకోబెట్టి ఇంటికి చేర్చినవాళ్లే కదా అని అడిగేంత చెడ్డవాళ్లెవరూ ఉండరులెండి.

మీరు పోకపోతే మీ ఆవిడ ఊరుకోదు. ఎవరో చెప్పారని డైసల్ఫిరామ్ మాత్ర నూరి చెప్పాపెట్టకుండా పప్పులో కలుపుతుంది. రోగికి తెలియకుండా ఇవ్వకూడని మాత్ర అది. దాని మీద మందు పడితే గుండె దడదడలాడి ఆసుపత్రి పాలవుతారు. లేచి వచ్చాక "నన్ను చంపబోయింది" అని పెద్దమనుషుల్లో పంచాయితీ పెట్టండి. మీ తాగుడు మాట ఇక ఆరు నెలలు ఎవరూ ఎత్తరు.

6. దూబగుంట పేరు వినబడితే మాట మార్చండి. నెల్లూరు జిల్లాలో ఆ పల్లెలో అక్షరాస్యత తరగతికి వచ్చిన ఆడవాళ్లు వాచకంలో సారా మీద తిరగబడ్డ సీతమ్మ కథ చదువుకున్నారు. చదివి ఊరుకోలేదు, సారా కొట్టు మూయించారు. 1992లో అది రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం. మొక్కు లేదు, మాల లేదు, లాంతరు వెలుగులో వాచకం ముందేసుకుని కూర్చున్న కూలి మనుషులు. "దేవుడి తోడు లేకుండా ఎవరు మాన్పించగలిగారు చెప్పు?" అని మీరు రోజూ రొమ్ము విరుచుకుని అడుగుతున్నారే, దానికి ఈ రాష్ట్రం ఎప్పుడో జవాబు చెప్పేసింది. అందుకని ఆ ఆడవాళ్లను ముందుండి నడిపిన వర్ధినేని రోశమ్మ పేరు ఎవరి నోటి నుంచి వచ్చినా వెంటనే ఎన్టీఆర్ సినిమాల మీదికి దూకండి. ఏ సినిమా ఎన్ని రోజులాడిందో తేలేసరికి షాపు మూసే టైమవుతుంది.

7. నెపం పని మీద పెట్టండి. ఈ విద్యలో ఆళ్లగడ్డలో నాకు తెలిసిన ఒకాయనను మించినవాడు లేడు. శిల్పి. ఆళ్లగడ్డ రాతి శిల్పాలకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది, మీకు తెలిసిందే. కడప రోడ్డు పక్కన రేకుల షెడ్డు, గ్రైండరు రొద, కనుబొమ్మల మీద దాకా తెల్లటి దుమ్ము. పొద్దుగూకులూ దేవుళ్లను చెక్కుతాడు, ఒక్కరినీ నమ్మడు. "నా ఉలి దెబ్బలు తిన్నోణ్ణి నేనెట్లా మొక్కేదన్నా?" అంటాడు. ఇంతకంటే గట్టి తర్కం నేను వినలేదు. దుమ్ము గొంతులో పేరుకుంటుంది, దాన్ని కడగడానికి సాయంత్రం ఒక క్వార్టరు. తర్వాత మధ్యాహ్నం కూడా దుమ్ము పేరుకోవడం మొదలైంది. ఆ తర్వాత పొద్దున, గ్రైండరు పెట్టకముందే.

విగ్రహానికి కళ్లు ఆఖరున తీరుస్తారు. సన్న ఉలి, సన్న దెబ్బ. గింజంత రాయి ఎక్కువ లేచిందంటే ఆరు నెలల పని బండరాయే. పోయినసారి నేను పోయినప్పుడు ఆయన ఉలి పట్టుకుని నరసింహస్వామి ఎదుట కూర్చుని ఉన్నాడు. చెయ్యి కుదురుగా లేదు. కుడి చేతి మణికట్టును ఎడమ చేత్తో పట్టుకున్నాడు, అదీ వణికింది. ఉలి కింద పెట్టి కొడుకును పిలిచాడు. పద్దెనిమిదేళ్ల పిల్లోడు, ఏమీ మాట్లాడకుండా వచ్చి కూర్చుని కళ్లు తీర్చాడు. ఆయన అటు తిరిగి బీడీ ముట్టించుకుని, "పిల్లోనికి పని నేర్పిస్తున్నా," అన్నాడు. చూశారా, చేతిలోంచి జారిపోయిన పనిని వారసత్వంగా అప్పజెప్పడం! ఇది నేర్చుకోవలసిన ఒడుపు.

8. తోడు కావాలంటే ఉన్న తోడును గుర్తించండి. బ్రాండీ షాపు పక్క సందులో, బొరుగుల బండి దగ్గర మీ నలుగురూ రోజూ కలుస్తారు. ఎండకూ వానకూ ఆగని సమావేశం. ఎవరూ ఉపన్యాసం చెప్పరు. ఎన్ని రోజులైంది అని ఎవరూ అడగరు. ఏ కులం, ఏ మతం అని లేదు, కట్టింగు మాత్రం సమానంగా పడాలి. ఇంతకంటే లౌకికమైన సంస్థ ఎక్కడుంది?

ఈ నలుగురిలో ఒకడు ఎప్పుడైనా రాకపోవచ్చు. మూడు రోజులు చూడండి. నాలుగో రోజు వాడింటికి పోయి, గేటు దగ్గర నిలబడి, వాడి పిల్లలు వినేటట్టు "ఏంరా, సామివయినావా?" అని నవ్వండి. మామూలుగా ఒక్కసారికే వచ్చేస్తాడు. రాకపోతే వాడు పెళ్లానికి భయపడే రకమని ఊరంతా చెప్పండి.

9. లెక్క వేయొద్దు. 99 చూడ్డానికి చిన్న అంకె. ఎవడో ఖాళీగా ఉన్నవాడు దాన్ని 365తో గుణిస్తే 36,135 వస్తుంది, అదీ సోడా, బొరుగులు, పడి పగలగొట్టుకున్న ఫోను కాక. చిల్లర వచ్చిన రూపాయి మీద దృష్టి పెట్టండి. అది పొదుపు.

10. ఇంత చేశాక మీ ఆవిడకు పోదామంటే ఎక్కడా దిక్కుండదు. మీరు రారని తెలిసి ఒక్కతే బస్సెక్కి మహానందికి పోతుంది, మీ బదులు తనే మొక్కుకుని వస్తుంది. వచ్చాక మూఢనమ్మకాల మీద అరగంట తక్కువ కాకుండా మాట్లాడండి. ఆమె తెచ్చిన పులిహోర పొట్లం మాత్రం వదలకండి. మందులోకి బాగుంటుంది.

11. చివరిది చిన్నదే. మీ అమ్మాయి ఎక్కడో విని వస్తుంది. వ్యసనాలు మానాలనుకునేవాళ్లకు ప్రభుత్వ ఫోను నంబరు ఉంది, డబ్బులు కట్టక్కర్లేదు, మొక్కక్కర్లేదు, పోనీ మనసు బాగాలేకపోతే 14416 అని ఇంకోటి ఉంది నాన్నా, అంటుంది. మీరు "ఊఁ" అంటారు. పిల్ల నమ్మదు. వంటింటి గోడకున్న క్యాలెండరు మీద, పాల లెక్క పక్కన, ఎర్ర పెన్నుతో పెద్దగా ఆ మొదటి నంబరు, 14446, రాసి పెడుతుంది. చించకండి, పిల్ల మనసు కష్టపెట్టుకుంటుంది. దాని ముందు చిన్నగా ఒక రూపాయి గుర్తు గీయండి. ఎవరైనా అడిగితే కొట్టు బాకీ అని చెప్పండి. అప్పటికి అది పెద్ద అబద్ధమేమీ కాదు.