ఫీల్డ్‌వర్క్ బాబు

వానలు పడి మా దమ్మాయిగూడ రోడ్లకు గుంటలు పడ్డాక కొన్నాళ్లకు, ఆ గుంటలు దాటుకుంటూ ఎమ్మెస్‌డబ్ల్యూ మొదటి సంవత్సరం కుర్రాడొకడు దిగుతాడు. ఏటా మనిషి మారతాడు, వేషం మారదు. మెడలో కాలేజీ కార్డు, చేతిలో రాసుకునే అట్ట, కాళ్లకు తెల్ల బూట్లు. ఆ తెలుపు మొదటివారం వరకే. వారానికి రెండు రోజులు ఇక్కడి స్వచ్ఛంద సంస్థలో పనిచేసి, చేసినదంతా రిపోర్టు రాసి, సంతకం పెట్టించుకుంటేనే మార్కులు. తార్నాక నుంచి ఈసీఐఎల్ దాకా బస్సులో నిలబడి, అక్కణ్ణుంచి షేర్ ఆటోలో డ్రైవరు పక్కన సగం సీటులో కూర్చుని వస్తాడు కాబట్టి, దిగేసరికి సమాజం మీద సగం ప్రేమే మిగిలి ఉంటుంది.

చదువు మాత్రం బాగానే చదివి వస్తాడు. మన దేశంలో సోషల్ వర్క్ పాఠాలు 1936లో బొంబాయిలో టాటాల పేరు మీద పెట్టిన స్కూలుతో మొదలయ్యాయని అడక్కుండానే చెప్తాడు. అమెరికాలో బీస్టెక్ అనే ఫాదరీ 1957లో చెప్పిన ఏడు సూత్రాలు వేళ్ల మీద లెక్కపెడతాడు. ఆ ఏడింటితో బస్తీని ఉద్ధరిద్దామని వస్తే, ఆఫీసు మేడం అతన్ని బీరువా ముందు కూర్చోబెట్టి, ‘ముందు ఈ పిల్లల ఆధార్ నంబర్లు ఎక్సెల్‌లో కొట్టు బాబూ’ అంటుంది. మధ్యాహ్నం ఫొటోలు తీసే పని. ఫొటో కింద ఊరు, తారీఖు, అక్షాంశం, రేఖాంశం పడాలి. పడకపోతే ఆ సేవ జరగనట్టే.

సూత్రాల సంగతి హోమ్ విజిట్‌లో తేలుతుంది. గోప్యత ఉందే, అది మొదటి ఇంట్లోనే పోతుంది. ‘మీరు చెప్పింది నా దగ్గరే ఉంటుందమ్మా’ అని గొంతు తగ్గించి అడుగుతాడు. ఆవిడ గొంతు పెంచి మొదలుపెడుతుంది. ‘నా మొగుడు రెండేండ్ల సంది పైసలు ఇస్తలేడు సారూ’ అనగానే గోడవతలి నుంచి, ‘రెండు గాదు, మూడేండ్లు. మా బిడ్డ పెండ్లప్పటి సంది’ అని సవరణ వస్తుంది. ఇంకొకావిడ గడపలో చేరి ఆ మొగుడు ఇప్పుడు నాచారంలో ఏ కంపెనీలో చేస్తున్నాడో, షిఫ్టు ఎన్నింటికి దిగుతాడో కూడా చెప్తుంది. పుస్తకంలో లేని కేస్ హిస్టరీ పది నిమిషాల్లో పూర్తి! రిపోర్టులో మాత్రం ‘క్లయింట్‌తో ఏకాంతంగా సంభాషించి సత్సంబంధం ఏర్పరచుకున్నాను’ అని ఉంటుంది.

వీధిలో ముగ్గుపిండితో బస్తీ పటం వేయించడం మరో ఘట్టం. మొదటి గీత మనవాడే గీస్తాడు. ‘చేయి వణుకుతుంది బిడ్డా, జరుగు’ అని అవ్వలు పిండి గిన్నె లాక్కుంటారు. ఇళ్లు, బోరు, గుడి వచ్చాయి. కల్లు కాంపౌండ్ ఎక్కడ వేయాలన్న దానిమీద ఒక్కరికీ భేదాభిప్రాయం రాలేదు. ఇంతలో పిల్లలు ఒక మూల జవహర్‌నగర్ చెత్త గుట్టను గీశారు. అది బస్తీకంటే పెద్దదైంది. ‘కొంచెం చిన్నగా వెయ్యండి, స్కేలు తప్పింది’ అన్నాడు మనవాడు. ‘నువ్వు సాయంత్రం ఐదింటికే పోతవ్ కద సారూ. రాత్రి ఉండి చూడు, ఎంత పెద్దగుంటదో’ అంది ఒక పిల్ల. హైదరాబాద్ చెత్తంతా చేరే ఆ గుట్ట మీదుగా గాలి ఇటు తిరిగిన రాత్రి, మేం కిటికీలు బిగించుకుని అన్నం తింటాం. ఆ పిల్ల వేసిన స్కేలే సరైనదని నా అభిప్రాయం. రిపోర్టులో అది ‘పర్యావరణ సమస్య: దుర్వాసన’ అని రెండు ముక్కల్లో సర్దుకుంది.

దసరా దాటేసరికి మనవాడి అసలు ఉద్యోగం ఖరారవుతుంది. ఎవరూ ఆర్డరు ఇవ్వరు. ఒకరోజు ఒక అవ్వ ఫారం తెచ్చి ఒళ్లో పెడుతుంది, అంతే. పింఛను 2,016 రూపాయలు ఎందుకు పడలేదు? 2025 ఉగాది నుంచి మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు గదా, కార్డులో కోడలి పేరేది? జన్మంతా చెత్త ఏరిన వేళ్లకు గీతలు అరిగిపోతే మిషను ముద్ర తీసుకోదు. అప్పుడు కళ్లు చూపించమని అడగొచ్చని ఆమెకు చెప్పేదెవరు? మీసేవలో ఏ కౌంటరు తొందరగా కదులుతుందో, ఏ కాగితానికి జిరాక్సు రెండు కావాలో, ఏ సారు భోజనం తర్వాత మెత్తబడతాడో డిసెంబరుకల్లా అతనికి కంఠతా వస్తుంది. వీటికి రిపోర్టులో గడి లేదు. కాలేజీ సూపర్‌వైజర్ ‘మరి గ్రూప్ వర్క్ ఏం చేశావ్?’ అంటే, మీసేవ ముందు క్యూలో పదకొండు మందిని గొడవపడకుండా నిలబెట్టిన సంగతి చెప్పాలని తోచదు పాపం.

చివర్లో ‘టర్మినేషన్’ అని ఒక దశ ఉంది. వీడ్కోలుకు జనాన్ని మానసికంగా సిద్ధం చేయాలట. మనవాడు నాలుగు రోజుల ముందు నుంచే గొంతు సవరించుకుని, బస్తీవాళ్లను చెట్టు కింద కూర్చోబెట్టి, ‘ఇన్నాళ్లూ మీ దగ్గర ఎంతో నేర్చుకున్నాను, వచ్చేవారం నుంచి నేను రాను’ అన్నాడు. కళ్లు చెమ్మగిల్లాయి, అతనివి. ముందు వరుసలోని అవ్వ కాసేపు ఆలోచించి, ‘మంచిది బిడ్డా. నీ తర్వాత వచ్చేటోని చేతిరాత ఎట్లుంటది?’ అని అడిగింది.