సమాధి పేరు కొండ నెత్తిన

కోల్‌కతా సెయింట్ జాన్స్ చర్చి ఆవరణలో జాబ్ చార్నాక్ సమాధి ఉంది. ఈస్టిండియా కంపెనీ ఏజెంటు. 1690లో సుతానుటి గ్రామంలో దిగి మహానగరానికి పునాది వేసిన మహానుభావుడని తరతరాల పిల్లల చేత వల్లె వేయించారు. ఒండ్రు నేల కదా, సమాధికి గట్టి రాయి దొరకలేదు. మద్రాసు వైపు నుంచి తెప్పించారు.

ఆ రాతిని 1893లో భూవిజ్ఞాన సర్వే ఉద్యోగి థామస్ హాలండ్ పరీక్షించాడు. హైపర్‌స్థీన్ అనే ఖనిజం ఉన్న గ్రానైట్. కొత్తరకం, పేరు పెట్టాలి. రాయి పుట్టిన మద్రాసు దగ్గరి పల్లావరం పేరు పెట్టొచ్చు. చెక్కిన కూలివాడి పేరు ఎవరడిగారు? దొరగారు రాతికింద పడుకున్నవాడిని ఎంచుకుని ‘చార్నకైట్’ అన్నారు. అద్దెకున్నవాడి పేర ఇల్లు పట్టా చేసినట్టు!

ఆ పట్టా మన తూర్పు కనుమలకూ పాకింది. తర్వాతి శాస్త్రవేత్తలు జిర్కాన్ రేణువుల్లో యురేనియం ఎంత సీసంగా మారిందో కొలిచి వయసు కట్టారు. మద్రాసు రాయికి సుమారు 250 కోట్ల ఏళ్లు. విశాఖ వైపు చార్నకైట్లను ఉడికించిన భూగర్భపు వేడి సుమారు 100 కోట్ల ఏళ్ల నాటిది. నడుమ 150 కోట్ల ఏళ్లు. అయినా ఇద్దరికీ ఇంటిపేరు ఆ వర్తకుడిదే.

2003లో కలకత్తా హైకోర్టు తేల్చింది: చార్నాక్ నగర స్థాపకుడు కాడు, అతను దిగిన ఆగస్టు 24 నగరం పుట్టినరోజూ కాదు. నగరం బయటపడింది, రాయి ఇరుక్కుపోయింది. దానికి వకీలు లేడు, ఓటు అసలే లేదు. బెంగళూరు దగ్గర ఇంకో దొర బారీ క్లోజ్ పేరున్న క్లోజ్‌పేట ఎప్పుడో రామనగర అయింది. అక్కడి గ్రానైట్ మాత్రం నేటికీ క్లోజ్‌పేట గ్రానైటే. పేర్లు మార్చే వీరులకు బోర్డు తగిలించే చోటే దేశభక్తి పొంగుతుంది.

దొరలు పక్షపాతులని అనకూడదు సుమా! ఖోండు గిరిజనుల పేరూ ఒక రాతికి పెట్టారు, ఖోండలైట్ అని. పేరు పుచ్చుకుని మురిసిపోవాలి, కొండ మీద హక్కు అడక్కూడదు.

కనుక చార్నకైట్ పేరు మార్చడానికి కమిటీ వేయనక్కర్లేదు. ఆ పని మన క్రషర్లు శ్రద్ధగా చేస్తున్నాయి. అక్కడ దొరా లేడు, ఖోండూ లేడు, కోట్ల ఏళ్ల లెక్కా లేదు. బిల్లు మీద రాసేది ఇంతే: 20 ఎం.ఎం. కంకర, ఒక లారీ.