ముందు రోజు నడిచి చూడందే ఆటేంటి?

మొన్న మా మనవడూ వాడి స్నేహితులూ పాల్వంచలో మా ఇంట్లో భోంచేసి, రాత్రికి రాత్రే కారులో హైదరాబాద్ బయల్దేరారు. తెల్లవారితే గచ్చిబౌలి బౌల్డర్ హిల్స్‌లో గోల్ఫ్. 18 హోల్స్, పార్ 72 (అంటే మంచి ఆటగాడు ముగించాల్సిన దెబ్బలు), ఎటు చూసినా బండరాళ్ళు. "ఎలా ఆడాలో ఏమైనా అనుకున్నార్రా?" అని అడిగాను. "ఫోన్‌లో యాప్ ఉంది కదా తాతా" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

మా రోజుల్లో కొత్త కోర్సుకి వెళ్తే ముందు రోజు సాయంత్రానికే చేరేవాళ్ళం. ఆ పూట క్లబ్బు ముట్టుకునేది లేదు. అనుమతి అడిగి, గోల్ఫ్ సంచి మోసే కేడీని వెంటబెట్టుకుని నడిచేవాళ్ళం. అదీ తిరగేసి, జెండా ఉండే గ్రీన్ దగ్గర నిలబడి, మొదటి బంతి కొట్టే టీ వైపు చూస్తూ. టీ మీంచి కనబడని వాలు అక్కణ్ణుంచి కనబడుతుంది. జెండా కుడివైపు ఇసుక గుంట (బంకర్) వెనక నక్కి ఉందా, అయితే ఎడమ నుంచి రావడమే సుఖం. అంటే మొదటి బంతి ఎడమన పడాలి. అడుగులు లెక్కబెట్టి చిన్న పుస్తకంలో రాసుకునేవాళ్ళం.

ఈ తిరగేసిన లెక్క నాకు ఇక్కడి అడవిలోనే అబ్బింది. కిన్నెరసాని వైపు తునికాకు కోతకు వెళ్ళే మా పెద్దలు, ఎండ ముదిరేలోపు ఇల్లు చేరాలని ముందు అనుకుని, అక్కణ్ణుంచి వెనక్కి లెక్కేసుకుంటూ వచ్చేవారు: వాగు ఎప్పుడు దాటాలి, మోపు ఎక్కడ దించుకోవాలి, చీకట్లో ఎన్నింటికి లేవాలి.

మళ్ళీ గోల్ఫ్‌కి వస్తే, అప్పట్లో మన దేశంలో చాలాచోట్ల గడ్డి గ్రీన్లే ఉండేవి కావు. నూనె కలిపిన ఇసుకను చదును చేసి బ్రౌన్ అనేవాళ్ళం. ఇప్పుడు చాలాచోట్ల బెర్ముడా గడ్డి. అది ఎటు వాలి పెరిగితే బంతిని అటు లాగుతుంది. మెరుస్తూ కనబడితే మన నుంచి అవతలికి వాలినట్టు, ముదురుగా కనబడితే మన మీదికి వాలినట్టు. ఇది కళ్ళతో చూసి తెలుసుకోవలసిందే.

2019 నుంచి, కమిటీ వద్దంటే తప్ప, దూరం కొలిచే పరికరం వాడుకోవచ్చు. అది జెండా 150 గజాలంటుంది. జెండా వెనక ఏముందో చెప్పదు. అదే ఏడాది, పోయిన బంతిని వెతికే గడువు 5 నిమిషాల నుంచి 3కి తగ్గించారు. బండల సందుల్లో పడ్డ బంతికి 3 నిమిషాలు ఏ మూలకి? అటు కొట్టకుండా ఉండే ఆలోచన ముందే ఉండాలి.

మావాడి హ్యాండికాప్ 18. అంటే ప్రతి హోల్‌కీ ఒక దెబ్బ అదనం. పార్ 4ని 5 దెబ్బల్లో ముగిస్తే వాడి లెక్క సరి, మొత్తం 90 కొడితే చాలు. నీళ్ళ ముందే ఆగి, తర్వాతి దెబ్బకి దాటితే ఆ 90 అందుతుంది. మేము రాత్రే కూర్చుని, ఆ అదనపు దెబ్బను ఏ హోల్‌లో ఎక్కడ వాడాలో రాసుకునేవాళ్ళం. వీళ్ళు ప్రతి టీ మీదా దూరం కొట్టే డ్రైవర్ క్లబ్బే తీశారట. మధ్యాహ్నం ఫోన్ చేశాడు. 11 బంతులు పోయాయి, స్కోరు రాయడం సగంలోనే మానేశారు.

నాయనా, ఈసారి ఒక రోజు ముందు వెళ్ళండి. కార్ట్ ఎక్కకుండా నడవండి. కేడీకి చాయ్ ఇప్పించి, ఏ గ్రీన్ దగ్గర ఎటు తప్పితే బతకొచ్చో అడిగి తెలుసుకోండి.