ఎవరి కోయిల ఇది?

ఉగాది కవి సమ్మేళనాల్లో ఈమధ్య శ్రోతలకంటే కవులే శ్రద్ధగా వింటున్నారు. మైకు ముందున్నాయన చదివేది, తన జేబులో ఉన్నదీ ఒకటేనేమోనని భయం. కోయిల, మావి చిగురు, వేపపూత, చివర్లో ఆశల తోరణం. చాట్‌జీపీటీని ఎవరడిగినా ఇదే వరసలో వడ్డిస్తోంది మరి. మొన్న ఒక సభలో ముగ్గురు కవుల ఆశలు ఒకే పాదంలో చిగురించాయి. అధ్యక్షులవారు దాన్ని భావసారూప్యమని మెచ్చుకుని ముగ్గురికీ శాలువాలు కప్పారు.

యంత్రాన్ని తిట్టడానికి నాకు నోరు రావడం లేదు. దానికి ఆ కోయిలను అంటగట్టిందెవరు? ఏళ్ల తరబడి ప్రత్యేక సంచికలు నింపిన మనమే కదా! వాటిని మొదటినుంచి చివరిదాకా చదివిన పాఠకుడు, నాకు తెలిసి, అదొక్కటే.

ఛందస్సు దగ్గరే దాని గుట్టు బయటపడుతుంది. ఉత్పలమాల రాయమంటే ‘తప్పకుండా!’ అంటుంది. వచ్చినదానికి గురులఘువులు పెట్టి చూస్తే భరనభభరవ సంగతి దేవుడెరుగు, రెండో అక్షరం ప్రాస నాలుగు పాదాల్లో నాలుగు రకాలు. పదో అక్షరానికి యతి ఏదని నిలదీస్తే, ‘క్షమించండి, సరిచేశాను’ అంటూ అదే పద్యం మళ్లీ ఇస్తుంది. తప్పు చూపిస్తే క్షమాపణ చెప్పే కవి తెలుగునాట ఇంతవరకు పుట్టలేదు, ఆ ఒక్క గుణానికైనా బిరుదివ్వాలి. అష్టావధానానికి పిలిస్తే ఎనిమిది మంది పృచ్ఛకులకూ తలూపుతుంది. అప్రస్తుత ప్రసంగం మాత్రం ఎవరూ అడగకుండానే చేస్తుంది.

2024లో జపాన్ రచయిత్రి రియే కుదాన్‌కు అకుతగావా బహుమతి వచ్చింది. నవలలో సుమారు 5 శాతం చాట్‌జీపీటీ వాక్యాలేనని ఆవిడే చెప్పేసింది. ఎంత అమాయకురాలు! మనవాళ్లను శాతం అడిగితే, అంకితం పేజీ కూడా లెక్కలోకి వస్తుందా అని ముందు తేల్చుకుంటారు.

హాలీవుడ్ రచయితలు 2023లో 148 రోజులు సమ్మె చేసి, యంత్రాన్ని రచయితగా పరిగణించకూడదని కూడా ఒప్పందంలో రాయించుకున్నారు. ఫిల్మ్‌నగర్‌లో ఒక ఘోస్ట్ రైటర్‌కు ఈ సంగతి చెబితే టీ గ్లాసు పక్కన పెట్టి అడిగాడు: “పేరు వెయ్యరు, సరే సార్. డబ్బులన్నా ఇస్తారా దానికి?”