పటనుచెరు పద్యానికి టీకా తాత్పర్యం

మూలం:

బాకి తీర్చితి ననినను బ్యాంకు వారు
వ్రాయకున్న బ్యూరో తాను వ్రాయదయ్య
చూడు మేటేట చిట్టాను చోద్యమేల
పటనుచెరు వాసి! మున్ముందె భయములుడుగ

టీక: పటనుచెరు వాసి = ఓ పటాన్‌చెరు నివాసీ; బాకి = బండి మీదో, ఫోను మీదో, బిడ్డ పెళ్లికో తెచ్చిన అప్పు; తీర్చితినని అనినను = ఆఖరి కిస్తీ కూడా కట్టేశానని ఎంత మొత్తుకున్నా; బ్యాంకు వారు = అప్పిచ్చినవారు, ఫైనాన్స్ కంపెనీలతో సహా; వ్రాయకున్న = ఆ సంగతి ఎక్కించి పంపకపోతే; బ్యూరో = క్రెడిట్ బ్యూరో; తాను వ్రాయదు = తనంతట రాయదు; ఏటేట = ఏడాదికోసారి; చిట్టాను = క్రెడిట్ రిపోర్టును; చూడుము = తెప్పించుకుని చదువుము; చోద్యమేల = ఆశ్చర్యమెందుకు; మున్ముందె = లోను అడగబోయే ముందే; భయములుడుగ = భయాలు పోయేలా.

తాత్పర్యం: బ్యూరో లేఖకుడే గాని కవి కాదు. తప్పు దిద్దించాలంటే రాసి పంపినవాడిని కదిలించాలి.

విశేషాలు: గణాల కోసం కవి పటాన్‌చెరును పటనుచెరు చేశాడు. కవులకది చెల్లుతుంది. రిపోర్టులో పేరు, పుట్టిన తేదీ, పాన్ నంబరు అటూ ఇటూ అయితే మాత్రం పక్కవాడి బాకీ వచ్చి మన నెత్తిన కూర్చుంటుంది.

‘బ్యూరో’కు సిబిల్ అని షోరూం కౌంటర్ వ్యాఖ్యాతలు చెప్పే అర్థంలో అవ్యాప్తి దోషం ఉంది. 2000లో పుట్టిన సిబిల్ పెద్దదే. కానీ ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్ కూడా ఉన్నాయి. నలుగురికీ 2005 నాటి చట్టమే ఆధారం. నాలుగు ప్రతులున్నచోట పాఠభేదాలు తప్పవు. ఒక ప్రతిలో ‘క్లోజ్డ్’ అని ఉన్న లోను ఇంకో ప్రతిలో బతికే ఉండవచ్చు. కనుక నాలుగూ చూడాలి. ఒక్కొక్కరూ ఏడాదికోసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలని ఆర్బీఐ నియమం.

‘తీర్చితి’ అన్నచోట చిక్కుంది. నలభై వేల బాకీకి పాతిక వేలు కట్టించుకుని “అయిపోయిందన్నా, వెళ్లు” అంటాడు వసూలు కుర్రాడు. ఇంటికొచ్చి అన్న నిద్రపోతాడు. రిపోర్టులో ‘సెటిల్డ్’ అని పడుతుంది. అది తీరడం కాదు, రాజీ. తర్వాత అప్పిచ్చేవాడు దాన్ని చూసి మొహం చిట్లిస్తాడు. దాని కిందే నెలనెలా గళ్లుంటాయి: 000 అంటే ఆలస్యం లేదు, 030 అంటే కిస్తీ గడువు దాటి ముప్ఫై రోజులు. సున్నాలు చూసి సంతోషించదగిన పద్దు ఇదొక్కటే.

‘చోద్యమేల’కు ఈ నేలలోనే ప్రమాణముంది. 2010 అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం మైక్రోఫైనాన్స్ సంస్థల దౌర్జన్యాల మీద ఆర్డినెన్స్ తెచ్చింది. వారం వారం వాడకట్టుకొచ్చే వసూళ్లు నిలిచిపోయాయి. బాకీ మాఫీ అయిందనుకున్నవారున్నారు. ఆర్డినెన్స్ బాకీలన్నిటినీ మాఫీ చేయలేదు. ఈ గొడవ తర్వాతే, 2011 డిసెంబరులో, మైక్రోఫైనాన్స్ సంస్థలు ఏదో ఒక బ్యూరోలో తప్పనిసరిగా చేరాలని ఆర్బీఐ చెప్పింది. సంఘంలో తీసుకున్న చిన్న అప్పుకూ అలా చిట్టా వచ్చింది. ఆ అప్పులిచ్చినవారి దౌర్జన్యాలకు మాత్రం ఏ బ్యూరోలోనూ గడి లేదు.

‘చూడుము’: రిపోర్టు చూస్తే స్కోరు తగ్గుతుంది గదా అని ఆక్షేపణ. సమాధానం: మన రిపోర్టు మనం చూస్తే తగ్గదు. లోనడిగినప్పుడు అప్పిచ్చేవాడు చూసే చూపే లెక్కకొస్తుంది. రామచంద్రాపురం నుంచి సంగారెడ్డి దాకా నాలుగు షోరూంలు తిరిగి నాలుగు ఫారాలు నింపితే నాలుగు ఎంక్వైరీలు పడతాయి. డబ్బిస్తే సిబిల్ క్లియర్ చేస్తామనేవారి పాఠం ప్రక్షిప్తం. నిజంగా కట్టని బాకీని ఎవరూ చెరపలేరు. తప్పుగా పడినదాన్ని దిద్దించుకోవడానికి ఎవరికీ పైసా ఇవ్వనక్కర్లేదు.

ఫలశ్రుతి: తప్పు కనిపించగానే బ్యూరోకూ, అప్పిచ్చినవారికీ ఫిర్యాదు పెట్టి, దాని నంబరు దాచుకుని, నో డ్యూస్ కాగితం జతచేసినవారికి ముప్ఫై రోజుల్లో పని కావాలి. కాకపోతే ఆపైన రోజుకు 100 రూపాయల పరిహారం. 2024 ఏప్రిల్ నుంచి ఇది అమల్లో ఉంది. ఆలస్యం ఎవరిదైతే వారే ఇచ్చుకోవాలి. అప్పటికీ కదలకపోతే ఆర్బీఐ అంబుడ్స్‌మన్ ఉన్నాడు.