ఒక కొలువు పద్యానికి ఐరాల వ్యాఖ్య

మూలం:

కోడు రాయబోడు కొట్టు పెట్టడతడు
అమ్మబోడు గాని యన్ని తనవె
ఎప్పుడన్న తేది యిదిగొ చెప్పుచునుండు
వాని జాడ తెలియ వశమె మనకు

అవతారిక: ఈ ఆటవెలదికి కర్త ఎవరని వెదకనక్కర్లేదు. వ్యాఖ్య రాయాలన్న దురద పుట్టి, తగిన పద్యం దొరక్క, వ్యాఖ్యాతే కట్టుకున్నాడు. చిత్తూరు జిల్లా ఐరాల పక్క పల్లెల నుంచి బెంగళూరు బస్సెక్కిన పిల్లల్లో కొందరు అక్కడ ప్రాడక్ట్ మేనేజర్లయ్యారు. పండక్కొచ్చినప్పుడు "ఏం పని జేస్తా ఉండావు నాయనా?" అని పెద్దవాళ్లు అడిగితే, వాళ్ల జవాబు అయిదు నిమిషాలు సాగుతుంది. అడిగినవాడు మాత్రం అడిగిన చోటే ఉంటాడు. ఆ చిక్కు విప్పడమే ఇక్కడి ప్రయోజనం.

ప్రతిపదార్థం: అతడు = ఆ ప్రాడక్ట్ మేనేజరు; కోడు = కంప్యూటరు కోసం రాసే రాతను; రాయబోడు = రాయడు (వచ్చినా రాయడు; వచ్చినవాడు అసలే రాయకూడదని కొందరు); కొట్టు పెట్టడు = అంగడి తెరవడు; అమ్మబోడు = బేరమాడడు; గాని = అయినా (పద్యం బరువంతా ఈ మాట మీదే); అన్ని = నష్టం, నింద, నిద్రలేని రాత్రి; తనవె = తన నెత్తినే; ఎప్పుడన్న = ఎప్పటికవుతుందని ఎవరడిగినా; తేది = ఒకానొక దినమును; చెప్పుచునుండు = చెబుతూ, మార్చి మళ్లీ చెబుతూ ఉంటాడు. తక్కినది సులభం.

తాత్పర్యం: అధికారం లేదు, జవాబుదారీ ఉంది.

ఇక్కడొక శంక. కోడు రాయనివాడికి కంప్యూటరు కంపెనీలో ఏం పని? సమాధానం: ఈ కొలువు పుట్టింది కంప్యూటర్లలో కాదు, సబ్బులో. 1931 మే నెలలో, అమెరికాలోని సిన్సినాటిలో, ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ కంపెనీ ఉద్యోగి నీల్ మెకెల్‌రాయ్ పైవాళ్లకు మూడు పుటల లేఖ రాశాడు. అతను చూసుకుంటున్నది కామే సబ్బు. దానికి బయటి సబ్బులతో ఒక పోటీ, ఇంట్లోనే పెద్దక్కలా కూర్చున్న ఐవరీతో ఇంకో పోటీ. ఒక్కో సరుకుకు ఒక్కో మనిషిని కేటాయించండి అన్నాడు. ఆ మనిషి ఎక్కడ ఎంత పోతోందో లెక్కలు చూడాలి. బాగా పోయే చోట కారణం పట్టుకోవాలి. పోని చోటికి స్వయంగా వెళ్లి, అమ్మేవాళ్లతో, కొనేవాళ్లతో మాట్లాడి, రోగమేమిటో తేల్చుకొని మందు రాయాలి. ఫలితానికి తనే పూచీ పడాలి. నేటి ఉద్యోగ ప్రకటనల్లో ఇరవై అంశాలుగా కనిపించేదంతా ఈ నాలుగు మాటల సాగతీతే. మెకెల్‌రాయ్ ఆ తర్వాత కంపెనీకే అధ్యక్షుడై, 1957లో రష్యా స్పుత్నిక్ ఎగిరిన కొద్ది రోజులకే అమెరికా రక్షణ మంత్రి అయ్యాడు. సబ్బు నుంచి క్షిపణికి దారి ఉందని మన పిల్లలకు చెప్పొచ్చు. ఆశపడి చెడతారని చెప్పకపోవడమే మేలు.

"అన్ని తనవె": దీనికి ఉదాహరణ కోసం సిన్సినాటి వెళ్లనక్కర్లేదు. చిత్తూరు చుట్టుపక్కల బెల్లం ఉంది. గానుగ ఆడేవాడు వేరు, పొయ్యిలోకి పిప్పి ఎగదోసేవాడు వేరు, పాకం చూసేవాడు వేరు, మండీలో రేటు కట్టేవాడు వేరు. ఏ రంగు బెల్లం వండాలో తేల్చేది ఎవరు? మందేమీ కలపకపోతే బెల్లం ముదురు రంగులో దిగుతుంది. అంగట్లో కొనే ఇల్లాలు పసుపుపచ్చగా మెరిసేదే మంచిదనుకుంటుంది; ఆమె కంటి కోసం పాకంలో హైడ్రోస్ అనే రంగు తేల్చే మందు పడుతుంది. నల్లబెల్లాన్ని వెదుక్కుంటూ వచ్చేవాడు పాయసానికి రాడు, నాటుసారా బట్టీ కోసం వస్తాడు. అతని వెనకే ఎక్సైజు వాళ్లూ వస్తారు. ఈ మధ్య పట్నంలో మందు కలపని బెల్లమని పేరు పెట్టి, ఆ ముదురు రంగుకే ఎక్కువ ధర ఇచ్చేవాళ్లు తయారయ్యారు. ముగ్గురు గిరాకీలు, మూడు న్యాయాలు. గిరాకీ అడిగిందల్లా చేయడమే ధర్మమైతే, వీళ్లలో సారా కాచేవాడికి మించిన గిరాకీ లేడు: రంగుకు వంక పెట్టడు, మళ్లీ మళ్లీ వస్తాడు. ఎవరికోసం వండాలో కన్నా, ఎవరికోసం వండకూడదో చెప్పడం కష్టం. మన పద్యనాయకుడికి జీతమిచ్చేది ఆ రెండో పనికి. అది చేయనివాడు ఎన్ని మీటింగులు పెట్టినా పిప్పి ఎగదోసేవాడే, అదీ పొగ తగలకుండా.

"ఎప్పుడన్న తేది": మూడో పాదం ప్రమాదకరం, ఐరాలవాళ్లకు మరీను. బాహుదా ఒడ్డున కాణిపాకం ఉన్నది ఈ మండలంలోనే. అక్కడి వినాయకుడు సత్యప్రమాణాల దేవుడు. నింద మోపినవాడూ, పడినవాడూ కోనేట్లో మునిగి ఆయన ముందు నిలబడతారు. మాటామాటా పెరిగితే రాజకీయ నాయకులు కూడా "కాణిపాకం రా, ప్రమాణం చేద్దాం" అని సవాలు విసురుకుంటారు. సవాలు విసరడానికి ఖర్చు లేదు కదా. ఇలాంటి చోట పెరిగినవాడు మీటింగులో "సెప్టెంబరు 15కల్లా రెడీ" అని నోరు జారతాడా? జారతాడు. సేల్సువాళ్లు ఆ తేదీని ఖాతాదారుకు చేరవేస్తారు. కోడు రాసేవాళ్లు ఆ తేదీని చివర్న వింటారు. ఈ విషయంలో రెండు మతాలున్నాయి. అసలు తేదీ చెప్పరాదని ఒకటి. తేదీతో పాటు, ఏవి వదులుకుంటే ఆ తేదీకి వస్తుందో కూడా అప్పుడే చెప్పాలని రెండోది. వ్యాఖ్యాత రెండో మతంవాడు. పది అడిగారు, నాలుగే అవుతాయి, అవి ఇవి, తక్కిన ఆరు ఇందుకు కావు అన్నంత వరకు కాణిపాకంలో నిలబడి కూడా అనొచ్చు. మిగతా రోడ్‌మ్యాప్, అంటే ముందు ముందు చేస్తామన్న పనుల చిట్టా, పట్టుకొని కోనేట్లో దిగకపోవడం మంచిది.

నాలుగో పాదానికి పాఠాంతరం ఉంది: "వాని జీత మెంత వచ్చు ననుచు". ఛందస్సు కుదిరింది, యతి కుదిరింది, పై పాదంతో అన్వయం మాత్రం కుదరలేదు. ఇది పెళ్లిళ్ల పేరయ్యల ప్రతుల్లోనే కనిపిస్తుంది. వాటిలో మొదటి మూడు పాదాలు లేవు.